సువార్తమ్మ చూపుడువేలు

పగలంతా కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తుంచే సువార్తమ్మ ఇంటికి రాగానే చేతులకు మజ్జిగ పట్టించి కడుక్కుంటుంది. చూపుడువేలికి తడిగుడ్డ చుట్టి ముందు తన పెదవికి రుద్దుకుంటుంది. మండకపోతేనే కుక్క జిమ్మీ పళ్లు తోముతుంది. ఒక సాయంత్రం అలా రుద్దుకుని చూడటం మరిచిపోయింది. జిమ్మీ కుయ్యోమంటూ మంచం కిందికి దూరింది, ఎంత పిలిచినా రాలేదు. మర్నాడు ఆమె పనికి పోకుండా మంచం పక్కన నేల మీదే కూర్చుంది.

"కుక్క కోసం కూలి మానుకున్నావా పిన్నీ?" అంది పక్కింటి జాస్మిన్.

"నేనొచ్చానని లేచొచ్చేది ఇదొక్కటే కదే."

పొద్దువాలాక జిమ్మీ వచ్చి ఆమె ఒళ్లో మూతి పెట్టింది. అప్పట్నుంచి సువార్తమ్మ చేతులు రెండుసార్లు కడుక్కుంటోంది. ఉన్న మజ్జిగంతా చేతులకే అయిపోతుంది. అన్నంలో మంచినీళ్లు పోసుకుంటుంది.