నిఫ్టీ తాత, సెన్సెక్స్ తాత

మధ్యాహ్నం మూడున్నర అయిందంటే మా ఇంట్లో టీ కూడా ప్రశాంతంగా మరగదు. షేర్ మార్కెట్ మూస్తారు, మా ఆయన ఫోన్ తెరుస్తారు. దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంటికీ, ఎల్బీ నగర్‌లో మా వియ్యంకుడి ఇంటికీ మధ్య మెట్రోలో మూడంటే మూడు స్టేషన్లు. అంత దగ్గరగా ఉన్న మనుషులు ఫోన్‌లో అంతలా అరుచుకోవాలా అని నేను అడగని రోజు లేదు. నా మాట వినేదెవరు?

ఇదంతా మా మనవడి బారసాల నాడు మొదలైంది. మేం బారసాల అంటాం, వియ్యాలవారు తొట్టెల అంటారు. మాది కోస్తా, వాళ్ళది నల్గొండ వైపు. వెండి గిన్నెలు బీరువాలో నల్లబడడం తప్ప ఎందుకూ పనికిరావు, పిల్లాడి చదువుకి పనికొచ్చేలా చెరో లక్షా మార్కెట్‌లో వేద్దామని వియ్యంకులిద్దరూ భోజనాల దగ్గర ఒక మాట అనుకున్నారు. వాళ్ళిద్దరూ ఒక మాట మీద ఉన్నది అదే మొదలు, అదే ఆఖరు. విడిగా షేర్లు ఏరుకునే తెలివి ఇద్దరికీ లేదు. అందుకని మార్కెట్ ఎటు పోతే అటు పోయే ఇండెక్స్ ఫండ్ చాలన్నారు. వియ్యంకుడు సెన్సెక్స్ ఫండ్ అన్నారు. ఆయన అన్నదే తానూ అంటే చిన్నతనం కనక మా ఆయన నిఫ్టీ ఫండ్ అన్నారు.

"రెండూ ఒకటే నాన్నా," అంది మా అమ్మాయి. "అందులో ముప్పై కంపెనీలు, ఇందులో యాభై. ఆ ముప్పైలో దాదాపు అన్నీ ఇందులోనూ ఉంటాయి."

ఒకే బస్తా బియ్యం రెండు గిన్నెల్లో వండి, ఏ అన్నం రుచి అని కొట్టుకోవడమన్నమాట. నాకు అర్థమైంది. అర్థం కావలసిన వాళ్ళు పెరుగన్నంలో ఆవకాయ నంజుకుంటూ కూర్చున్నారు.

బారసాల గురువారం. మర్నాడు పొద్దున్నే వియ్యంకుడు అమ్మాయి ఖాతాలోకి డబ్బు పంపేశారు, పిల్లాడి పేరున పెట్టమని. మా ఆయన పంపలేదు. "శుక్రవారం పూట లక్ష్మిని గడప దాటిస్తామా?" అన్నారు. శని, ఆదివారాలు మార్కెట్‌కి సెలవు. సోమవారం వర్జ్యం చూసుకుని పంపారు. ఆ సోమవారం మార్కెట్ దబ్బున పడింది. దాంతో అదే సరుకు మా ఆయనకి చవగ్గా దొరికింది. అంతే తప్ప ఇందులో నిఫ్టీ గొప్పా లేదు, మా ఆయన గొప్పా లేదు. గొప్పంటూ ఉంటే అది శుక్రవారానిది.

ఆయన ఒప్పుకుంటేగా! నెల తిరక్కుండానే ఫోన్ చేసి, "బావగారూ, మా నిఫ్టీ ముందుందండీ," అని మొదలుపెట్టారు.

"ఏంది ముందున్నది? ఇయ్యాల మా సెన్సెక్స్ ఆరొందల పాయింట్లు లేసింది. మీది రెండొందలు గూడ లేదు కద," అని అటునుంచి వియ్యంకుడు.

"అలా చూడకూడదండీ, శాతాల్లో చూడాలి."

"ఓడిపోయినోళ్ళే శాతాలు జూస్తరు బావగారు."

ఆ డబ్బు వాడేది పద్ధెనిమిదేళ్ళ తర్వాత. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఇంకా బోర్లా పడడం రాని పిల్లాడి కాలేజీ ఫీజు మీద రోజూ సాయంత్రం ఈ తగువు. కుక్కర్ విజిల్‌కైనా ఒక లెక్కుంది, వీళ్ళకి లేదు.

ఇంతలో అమ్మాయి సెలవు అయిపోవచ్చింది. వాళ్ళ కాపురం నాగోల్‌లో. తను ఉద్యోగానికి వెళ్తే పిల్లాడు పగలంతా ఒక వారం మా దగ్గర, ఒక వారం వియ్యాలవారి దగ్గర ఉండాలని అనుకున్నాం. నేను నలుగుపిండి కొట్టించాను, ఉగ్గు సిద్ధం చేశాను, మా అమ్మాయి ఊగిన ఉయ్యాల దింపి గొలుసులు తోమించాను. వాడు వస్తాడన్న ఆశ మీదే ఆ నెలంతా బతికాను.

మాట ఖాయం చేసుకుందామని ఒక ఆదివారం ఎల్బీ నగర్‌లో భోజనాలకి కలిశాం. ఆ వారం మార్కెట్ పడింది, రెండూ పడ్డాయి. ఇప్పుడైనా నోళ్ళు మూతపడతాయనుకున్నాను. ఎవరిది తక్కువ పడిందని మొదలుపెట్టారు. అక్కణ్ణుంచి తగువు పిల్లాడి మీదకి జరిగింది.

"మొదటి వారం మా ఇంట్లోనండీ. మా దగ్గరైతే ఒళ్ళు చేస్తాడు," అన్నారు మా ఆయన.

"అట్లనా? మరి తూకం పెడదాం. నెలకు ఎవరింట్ల ఎంత బరువు పెరిగిండో తెలుస్తది."

"పెట్టండి! మిషన్ నేనే కొంటాను."

వియ్యపురాలు చేతిలో గరిటెతో వంటింట్లోంచి వచ్చింది. "పోరని తూకానికి పెడ్తరా? జర సోయి ఉన్నదా మీకు?" అని ఇద్దర్నీ కలిపి కడిగేసింది. మా అమ్మాయి మాత్రం పిల్లాణ్ణి భుజాన వేసుకుని, అల్లుడితో చెప్పులేసుకోమంది.

పిట్టపోరు పిల్లి తీర్చిందంటారు. మూడో రోజున అమ్మాయి రెండిళ్ళనీ ఒకే కాల్‌లో కలిపింది.

"రెండు ఫండ్‌లూ అమ్మేశాను. డబ్బు వచ్చింది. మా అపార్ట్‌మెంట్ పక్కన క్రెష్‌లో ఏడాది ఫీజు కట్టేశాను. సోమవారం నుంచి వాడు పగలంతా అక్కడే ఉంటాడు."

మా ఆయన గొంతు సవరించుకున్నారు. "ఏది ఎక్కువొచ్చిందమ్మా?"

అమ్మాయి ఫోన్ పెట్టేసింది. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. పక్క గదిలోకి పోయి మళ్ళీ ఫోన్ చేశాను.

"మధ్యలో నేనేం చేశానే?"

"నువ్వేం చేయలేదమ్మా. వాళ్ళని ఆపనూ లేదు," అంది.

ఇప్పుడు మాకు మిగిలింది ఆదివారం. ఒకటి మాది, ఒకటి వాళ్ళది. ఉయ్యాల అలాగే ఉంది. వారమంతా అందులో మడతపెట్టాల్సిన బట్టలు పడుంటాయి. మనవడు వచ్చే పొద్దున వాటిని తీసి మంచం మీద పడేస్తాను.

నిన్న మా వంతు. పదిన్నరకి వియ్యంకుడి ఫోన్. మా ఆయన స్పీకర్ పెట్టారు.

"బావగారు, పోయిన ఆదివారం మా ఇంట్ల నాలుగుమాట్ల నవ్విండు. మీ దగ్గర ఎన్నిమాట్ల నవ్విండు?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంత జరిగినా బుద్ధి రాలేదా అని ఇద్దర్నీ కలిపి దులిపేద్దామని ఫోన్ లాక్కున్నాను.

"అన్నయ్యగారూ!"

"ఆ చెల్లెమ్మా, చెప్పు. ఎన్ని?"

"ఆరు," అన్నాను. అమ్మాయి ఉయ్యాలలో వేసి వెళ్ళింది మొదలు పిల్లాడింకా కళ్ళు తెరవనేలేదు.