పిల్లర్ల మీది చువ్వలు

మా వాడకట్టులో ఏ డాబా ఎక్కి చూసినా పిల్లర్ల మీద ఇనుప చువ్వలు నిక్కి నిలబడి ఉంటాయి. కట్టిన ఇల్లు పూర్తయిందని మా దగ్గర ఎవరూ ఒప్పుకోరు. ఎప్పటికైనా పైన ఇంకో అంతస్తు వేస్తామని, అప్పుడు పిల్లర్లు అక్కడి నుంచే లేపుకోవచ్చని, చువ్వల్ని నడుమెత్తు వదిలేస్తారు. కొందరివి పిల్లల పెళ్లిళ్ల నాటికి గదులవుతాయి. చాలామందివి బట్టలు ఆరేసుకునే తాడుకు పనికొస్తాయి. మల్కాజ్‌గిరిలో ఇల్లు కట్టుకున్నప్పుడు మేమూ వదిలాం. మావి మా బిడ్డ కోసం.

మాకు ఒక్కతే కూతురు. తిరుమలగిరిలో ఒక బడిలో టీచరు. "నేనేడికి పోను, మీ నెత్తి మీదనే కూసుంటా" అనేది. బడి నుంచి చాక్‌పీసులు తెచ్చి డాబా మీద ఇల్లు గీసేది. ఇది హాలు, ఇది పడకగది, ఇటు తూర్పుకు వంటిల్లు. ఛాయ్ పెట్టడం కూడా సరిగా రాని పిల్లకు అంత వంటిల్లు ఎందుకే అని ఎక్కిరించేదాన్ని. "నువ్వొచ్చి వండుతవు గదనే" అనేది. వాన పడితే గీతలు కొట్టుకుపోయేవి. మళ్లీ గీసేది. గీసినప్పుడల్లా వంటిల్లు కొంచెం పెద్దదయ్యేది.

ఒక వానాకాలం దానికి జ్వరం వచ్చింది. డెంగీ అన్నారు. చెప్పులు వేసుకుని తన కాళ్ల మీద ఆసుపత్రికి నడిచి వెళ్లిన పిల్ల మళ్లీ ఇంటికి నడిచి రాలేదు. ఇంతకంటే రాయడం నా వల్ల కాదు.

మా ఆయన ఏడవలేదు. చుట్టాలంతా ఆయన్ను ఏడిపించాలని చూశారు, అయినా ఏడవలేదు. ఆ చువ్వల వెంట పడ్డాడు. అంతకుముందు ఎప్పుడో ఎండాకాలంలో తుప్పు పట్టకుండా కాస్త సిమెంటు పాలు పూసి ఊరుకునేవాడు. ఇప్పుడు మబ్బు కనపడితే చాలు, ఒక్కో పిల్లరు మీది చువ్వలకు గోనెసంచి చుట్టి, దాని మీద ప్లాస్టిక్ కవరు వేసి, తాడుతో బిగించి కట్టేవాడు. చలికాలం పొద్దున పిల్లలకు మఫ్లర్ కట్టినట్టు కట్టేవాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఆయన్ను చూశాకే నాకు తెలిసింది. ఎవరి కోసమయ్యా ఇదంతా అని అడగాలని నోటిదాకా వచ్చేది. నాకు నోరెక్కువని మా అత్తగారు పోయేదాకా అంటూనే ఉంది. ఆ నోరు ఈ ఒక్క మాట దగ్గర పెగల్లేదు. ఏదో ఒక పనిలో ఉన్నాడు కదా, ఉండనీ అనుకున్నాను.

ఈ ఎండాకాలం సోలార్ ప్యానెళ్ల మాట ఎత్తింది నేనే. పక్కింట్లో పెట్టించుకున్నారు, యాప్రాల్‌లో మా చెల్లెలు పెట్టించుకుంది. గదులు ఎండకు కాగిపోతున్నాయి, పైన నీడ ఉంటే బాగుంటుందని అందరికీ చెప్పాను. అసలు సంగతి, ఆ ఖాళీ డాబాను చూడటం ఇక నా చేత కావడం లేదు. మా ఆయన వద్దనలేదు, సరే అని కూడా అనలేదు. ఇల్లు పాతది కాబట్టి ముందు కప్పు బలం ఎంతో చూపించుకోమన్నారు బిగించేవాళ్లు.

ఇంజనీరు వచ్చాడు. మాట నెమ్మది. కింద గదుల్లో తల పైకెత్తి పగుళ్లు వెతికాడు, ఎక్కడైనా కురుస్తుందా అని అడిగాడు, డాబా అంతా చిన్న సుత్తితో కొట్టి చూశాడు.

"స్లాబ్ మంచిగనే ఉంది ఆంటీ. కాని బరువు నడిమిట్ల పెట్టొద్దు. స్టాండు కాళ్లు పిల్లర్ల మీదికే రావాలె" అని, మూటల్లా ఉన్న చువ్వల్ని చూసి ఆగిపోయాడు. "ఇవేంది అంకుల్?"

మా ఆయన వంగి తనే ముడి విప్పాడు. మొన్నటి అకాల వానకు గోనెసంచి లోపల ఇంకా తడిగానే ఉంది. సంచితో పాటు చువ్వ మీది తుప్పు అట్టలు అట్టలుగా ఊడి వచ్చింది. ఇంజనీరు పిల్లరు తల మీద సుత్తితో తట్టాడు. బోలుగా మోగి, ఒక పెచ్చు ఊడి మా ఆయన కాళ్ల దగ్గర పడింది.

"వాన తగలొద్దని కట్టిండ్రు గని, నీళ్లన్నీ లోపల్నే ఆగినయ్. ఇడిసిపెడితే ఎండకు ఆరిపోతుండె."

మా ఆయన ఆ పెచ్చును చేతిలోకి తీసుకున్నాడు. "ఇంకో అంతస్తు ఏస్తే మోస్తదా?" అని అడిగాడు.

ఇన్నాళ్లూ ఈ మనిషి ఊరికే అలవాటు కొద్దీ కడుతున్నాడనుకున్నాను.

"అంతస్తా? ఇగ కాదు అంకుల్. ప్యానెళ్లకైతే ఏం ఫికర్ లేదు. ఈ చువ్వలు కోసేసి, పిల్లర్ల తలలు చెక్కి మళ్ల కాంక్రీటు పోయాలె. ఇట్లనే ఉంచితే తుప్పు కిందికి దిగుతది, ఉన్న ఇంటికే మోసం. పైన ఎవలికి ఏద్దామనుకున్నరు?"

"మా బిడ్డకు."

"మీ బిడ్డ ఏడుంటరు?"

మా ఆయన నా వైపు చూశాడు. "లేదు బాబూ, చనిపోయింది" అన్నాను. ఆయన ముందు ఆ మాట నేను ఎప్పుడూ అనలేదు.

ఇంజనీరు సుత్తి సంచిలో పెట్టేసుకున్నాడు. మా ఆయన చేతిలోని పెచ్చును చూస్తూ, "అంటే, నేను కట్టి కట్టి కరాబ్ చేసిన్నా?" అన్నాడు. ఆసుపత్రిలో డాక్టరును "మేం లేట్ చేసినమా?" అని అడిగిన గొంతే అది. అప్పుడు ఏ డాక్టరూ సరిగ్గా జవాబు చెప్పలేదు. ఇప్పుడు నేను చెప్పాను, "నువ్వు కాదయ్యా, వాన కరాబ్ చేసింది."

కోసే రోజు ఆయన ఒక్కో చువ్వనూ పైకొసన పట్టుకుని నిలబడ్డాడు. మిషను తగిలినప్పుడల్లా "జెర మెల్లగ" అన్నాడు. ఇనుముకు నొప్పేంటని ఇంకొకరైతే నవ్వేవాళ్లు. ఆ పనివాళ్లు నవ్వలేదు.

తలలు పోశారు, ఆరాక స్టాండ్లు లేపారు, వాటి మీద ప్యానెళ్లు పందిరిలా పరుచుకున్నాయి. మొన్న వానాకాలం మొదటి వాన పట్టింది. ఆయన ఇంట్లో కనపడకపోతే పైకి వెళ్లాను. గోనెసంచులూ తాడూ చంకలో పెట్టుకుని ప్యానెళ్ల కింద నిలబడి ఉన్నాడు.

"ఏం చుట్టనీకె వచ్చినవయ్యా?"

"మర్శిపోయిన" అన్నాడు. కిందికి దిగలేదు. కాలి కింది చోటు చూపించి అడిగాడు, "గిక్కడనే గదా వంటిల్లు అన్నది?"

"అది హాలు. వంటిల్లు ఇటు" అన్నాను.

ఆయన జరిగి నా పక్కకు వచ్చాడు. సంచి పరుచుకుని కూర్చున్నాడు. మా బిడ్డ వంటింట్లో కూర్చుని, ఇన్నేళ్లకు, మా ఆయన ఏడ్చాడు.