గాడిద పాలు తాగిన గుర్రప్పిల్ల

మా తమ్ముడు గుడియాత్తంలో లుంగీలు నేస్తాడు. మగ్గం ఒకటే చాలదని, పెండ్లి ఊరేగింపులకి బాడుగకిచ్చేదానికి ఒక తెల్ల గుర్రాన్ని కొన్నాడు. అది చూలుతో ఉండాదని అమ్మినవాడు చెప్పలేదు. పొట్ట పెరగతా ఉంటే మా అమ్మ, అంతా తన చేతి ఉలవల మహిమే అనుకొనింది. పొరుగోళ్ళని పిలిచి చూపించింది గూడా.

నేనుండేది వేలూరు సత్తువాచారిలో. మాకు బట్టలంగడి. ఒకరోజు పొద్దున గిరాకీకి చీరలు విప్పి చూపిస్తా ఉంటే తమ్ముడు ఫోన్ చేసినాడు.

"అక్కా, గుర్రం ఈనింది."

"గుర్రం ఈనడమేందిరా?"

"ఈనింది. ఆడపిల్ల. కానీ తల్లి దగ్గరికి రానీలేదు. పోతే తంతా ఉండాది. నువ్వు రా."

"నేనొచ్చి ఏం చేసేది? నేనేమన్నా గుర్రాల డాక్టరా?"

"ముగ్గురు పిల్లల్ని సాకినావు గదక్కా!"

మా ఆయన గల్లాపెట్టె దగ్గర కూచోని కడుపు పట్టుకొని నవ్వినాడు. నేనూ నవ్వుకుంటానే బస్టాండుకి పోయినా. బస్సెక్కే ముందు మందులంగట్లో పాలసీసాలు కావాలని అడిగినా.

"పాపకి ఎన్ని నెలలమ్మా?" అన్నాడు అంగడాయన.

"ఈపొద్దే పుట్టింది."

"అట్లయితే చిన్న సీసా చాలునే."

"వద్దప్పా, ఉన్నదాంట్లో పెద్దది ఇయ్యి. పాప కొంచెం పొడుగు."

ఆయన నన్ను వింతగా చూసి, అడిగినవి ఇచ్చినాడు.

ఆ నవ్వంతా మా తమ్ముడింటి పెరట్లోకి పోయేదాకనే. మగ్గం కొట్టం వెనక గడ్డి మీద ఆ పిల్ల పడుకొని ఉండాది. ఒళ్ళింకా తడిగానే ఉండాది. ఒంటికంటే కాళ్ళే ఎక్కువ. లేచి, నాలుగు కాళ్ళు నాలుగు దిక్కులకి పోతా ఉంటే ఎట్లనో కూడగట్టుకొని, తల్లి దగ్గరికి పోయింది. తల్లి చెవులు వెనక్కి పెట్టి ఒక్క తన్ను తన్నింది. పిల్ల పడింది. పడి, మళ్ళా లేచి, మళ్ళా అక్కడికే పోబోయింది. నేను పరిగెత్తి అడ్డం పడి, దాని మెడ చుట్టూ చేతులేసి పట్టుకొన్న్యా. దాని గుండె నా చేతికింద దడదడలాడతా ఉండాది.

పశువుల డాక్టరు అప్పటికే వచ్చి చూసి పోయినాడంట. తొలిచూలు గుర్రాలు కొన్ని ఇట్లనే చేస్తాయనీ, ముర్రుపాలు మాత్రం ఎట్లయినా తొందరగా తాపించాలనీ చెప్పినాడంట. తమ్ముడు గుర్రం మూతి పట్టుకొన్నాడు. పక్కింటాయన ముందరికాలు ఎత్తి పట్టుకొన్నాడు. మా అమ్మ చెంబు తీసుకొని కిందికి దూరింది.

"నీకేం రోగమే? నొప్పులు నీకొక్కదానికే వచ్చినాయా? నేను వీణ్ణి కనలేదా?" అని గుర్రాన్ని తిడతానే పాలు పిండింది.

నేను సీసాతో తాపించినా. మొదట తల అటూ ఇటూ తిప్పింది, నా బొటనవేలు చీకింది, తర్వాత ఎట్లనో దారి పట్టుకొనింది. పాలు గొంతు దిగతా ఉంటే దాని బుడ్డ తోక టకటకా ఊగింది. ఆ తోకని చూసినాక, సాయంత్రం బస్సుకి ఎనక్కి పోదామనుకొన్నదాన్ని ఆ మాటే ఎత్తలేదు.

కానీ పిండే కొద్దీ గుర్రానికి కోపం ఎక్కువైంది, పాలు తక్కువైనాయి. డాక్టరు మేకపాలు నీళ్ళు కలిపి ఇయ్యమన్నాడు. తాగింది గానీ పడలేదు. బేదులు పట్టుకొని, పిల్ల దినదినానికీ వాడిపోయింది. మళ్ళా ఫోన్ చేస్తే ఆయన, "గాడిద పాలయితే గుర్రం పాలకి దగ్గరగా ఉంటాయమ్మా. కానీ అన్ని పాలు మీకు యాడ దొరకతాయి?" అన్నాడు.

రాట్నం తిప్పతా ఉన్న మా అమ్మ చెయ్యి ఆగింది. "యాడ దొరకతాయేంది? పొద్దున్నే ఈదిలో అరస్తా పోతాదే ఆయమ్మ!"

నిజమే. ఒకామె గాడిదనీ దాని పిల్లనీ తోలుకొని "కళుదైప్పాల్, కళుదైప్పాల్" అని, గాడిదపాలనే మాటని అరవంలో అరస్తా ఈదీదీ తిరగతాది. దగ్గొచ్చిన పసిబిడ్డలకి ఉగ్గుగిన్నెలో కొంచెం పిండి పోస్తాది. మరుసటి పొద్దున ఆమెని నిలబెట్టినాము.

"బిడ్డ యాడ?" అనింది.

పెరట్లోకి పిల్చుకొని పోయినా. ఆమె గుర్రప్పిల్లని కిందినుంచి పైదాకా చూసింది. "అయ్యో, ఇదా బిడ్డ!" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. నవ్వు ఆగినాక, "గిన్నెతో పోస్తే దీనికి యాడ సాలతాదమ్మా? నేరుగా వదిలి చూస్తాము" అనింది.

ఒక పాతగుడ్డతో తన గాడిదపిల్ల ఒళ్ళంతా రుద్ది, అదే గుడ్డతో గుర్రప్పిల్లనీ రుద్దింది. తర్వాత రెంటినీ గాడిద దగ్గరికి తెచ్చినాము. అది గుర్రప్పిల్లని మూతి నుంచి తోకదాకా వాసన చూసింది, బుస్సుమనింది. ఇంక తంతాదని నేను కండ్లు మూసుకొన్న్యా. ఏమీ కాలేదు. చూస్తే, అది తల తిప్పుకొని మా గడ్డి మేస్తా ఉండాది!

గుర్రప్పిల్లకేమో గాడిద పొట్టి. ముందరికాళ్ళు ఎడంగా చాపి, మెడ వంచి, మూతి పైకి తిప్పి, రెండుమూడు తూర్లు తల కొట్టుకొని, చివరికి పట్టుకొనింది. జుర్రుమని శబ్దం. మా అమ్మ కండ్లు తుడుచుకొని, "ఏం చూస్తా ఉండావే, గాడిదకి తవుడు కలపపో" అని నన్ను కసిరింది.

ఆ గాడిదపాలామె ఉండే ఈదిలో కాలువ తవ్వతా ఉన్నారంట, గాడిదల్ని కట్టేసుకోను తావు లేదంట. మా పెరట్లోనే కట్టుకోమన్నాము. ఆమె గాడిదపిల్ల అప్పటికే గడ్డికి అలవాటు పడినందువల్ల గుర్రప్పిల్లకి పాలు మిగిలేవి, చాలనప్పుడు సీసా ఇచ్చేదాన్ని. దానికి కాళ్ళు గట్టిపడినాక గాడిద యాడికి పోతే అదీ ఆడికే. ముందర ఆమె, వెనక గాడిద, దాని వెనక గాడిదపిల్ల, ఆఖర్న అందరికంటే పొడుగ్గా ఇది. టీ అంగట్లో వాళ్ళు, "ఏందమ్మా, గాడిదకి గుర్రం పుట్టిందా?" అని ఎగతాళి చేస్తే ఆమె, "అవునప్పా, మాది పెద్ద కుటుంబం!" అనేది.

ఒకసారి ఈదిలో మగ్గానికెక్కించే పసుపు రంగు పడుగు దారాలు బారుగా చాపి గంజి పెడతా ఉంటే, ఇది ఏ పురుగు కుట్టిందో ఏమో, దాంట్లోకి దూకింది. మెడకీ కాళ్ళకీ దారాలేసుకొని నిలబడింది, పెండ్లికూతురి మాదిరి. పడుగాయన అరవంలో ఒకటే తిట్లు. మా తమ్ముడు ఆయన పక్కన కూచోని, తెగిన పోగులన్నీ అతికించినాడు. పొద్దు వాలేటప్పటికి చూస్తే, ఆ తిట్టినాయనే దాని గడ్డం కింద గోకతా ఉండాడు.

మా ఆయన రోజూ ఫోన్ చేసేవాడు. "ఏమే, గుర్రం పాలు మాన్పించినాక వస్తావా, దాన్ని బడికి గూడా పంపించి వస్తావా?"

కొన్ని దినాలకి నేను వేలూరికి వచ్చేసినా గానీ, తీరిక దొరికినప్పుడంతా పోతానే ఉన్న్యా. పిల్ల గడ్డికి మళ్ళినాక వాళ్ళ ఈదిలో కాలువ పని అయిపోయి, ఆమె గాడిదల్ని తోలుకొని పోయింది. గుర్రప్పిల్ల రెండు దినాలు వాకిలి చూస్తా సకిలించింది. అప్పుడు దాన్ని భయపడతానే కన్నతల్లి పక్కన కట్టినాము. తల్లి ఈసారి తన్నలేదు. నాకింది లేదు, దగ్గరికి తీసింది లేదు. ఒకే తొట్లో మూతిపెట్టి, చెరొక పక్క తిన్నాయి. అంతకంటే మేమేం అడగలేదు.

ఏండ్లు గడిచి ఆ పిల్ల పెద్ద గుర్రమైనాక, పోయిన ఎండాకాలం మొదటి ఊరేగింపుకి పోయింది. మేళం మొదలయ్యేటప్పటికి దాని చెవులు వణకతా ఉంటే, పక్కన నడస్తా మెడ మీద చెయ్యేసి ఉన్న్యా. పైనుంచి పెండ్లికొడుకు వంగి, "అక్కా, ఇది తన్నదు గదా?" అన్నాడు.

"తన్నదు నాయనా, గట్టిగా కూచో," అన్న్యా.