గోడకూ మంచానికీ మధ్య విన్నీ

మీకు సిగ్గుందా అసలు? ఫుట్‌బాల్ ఆడేవాడి మోకాలికి దెబ్బ తగిలితే వాడి తల్లి పేరుతో సహా చెప్పేస్తారు. మన వీధి చివరింట్లో అన్నేళ్ళు బతికిన విన్నీ పిల్లింగ్ ఎవరని ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు నన్ను అడిగారా? ఆమె చేసిన అల్లం కేకు మాత్రం గిన్నె నాకి మరీ తిన్నారు. ఇప్పుడు ఈ జోసీ సోమవారం నుంచి ముసలివాళ్ళ హోమ్‌లో పని నేర్చుకోవడానికి పోతోందట, బడివాళ్ళు పంపుతున్నారట. "అక్కడ నేర్చుకోవడానికి ఏముంది నానమ్మా, టీలు ఇవ్వడమేగా" అంటోంది. టీలు ఇవ్వడమట! ఆ ఫోను అవతల పెట్టి కూర్చో.

విన్నీ పద్నాలుగో ఏట నేతమిల్లులో చేరింది. ఆ రోజుల్లో మన బర్న్‌లీ ఊళ్ళో ఆడపిల్లలంతా అక్కడికే పోయేవాళ్ళం. నేను చేరేసరికి ఆమె ఆరు మగ్గాలు ఒంటిచేత్తో నడుపుతోంది. షెడ్డులో వందల మరమగ్గాలు ఒకేసారి ఆడుతుంటే పక్కన పిడుగు పడ్డా వినపడదు. అందుకని మేం గొంతు వాడేవాళ్ళమే కాదు. మొహమంతా కదిలించి, ఒక్కో మాటనీ పెదాలతో చూపించేవాళ్ళం. ఆ చివర ఎవరి మొగుడు తాగొచ్చి గొడవ చేశాడో ఈ చివర మాకు టీ వేళకల్లా తెలిసిపోయేది. అలవాటైపోయి ఇంటికొచ్చాక కూడా పిల్లల ముందు అనకూడని మాటలు, కడుపు సంగతులు, జబ్బుల పేర్లు అన్నీ పెదాలతోనే చెప్పుకునేవాళ్ళం. విన్నీ అయితే బస్సు అద్దం అవతల ఉన్న మనిషితో కూడా పూర్తి కబుర్లు చెప్పేది.

ఇంకో సంగతి. ఒక్కోసారి అడ్డపోగుని అటూ ఇటూ లాక్కెళ్ళే నాడె ఇరుక్కుని, పడుగు, అంటే నిలువు పోగులు, గుత్తులుగా తెగిపోయేవి. నాలాంటి వాళ్ళం ఏడుస్తూ కూర్చునేవాళ్ళం. విన్నీ అడక్కుండానే వచ్చి పక్కన చేరేది. ఒక్కో కొస పట్టుకుని, ముడేసి, మళ్ళీ ఇంకోటి. నేను తొందరపడితే చేతి మీద ఒక్కటి వేసేది. పెదాలతో "లాగకే! లాగితే మిగిలినవీ తెగుతాయి" అనేది. మేస్త్రీ వచ్చి అరిచినా ఆమె చెయ్యి వేగం పెరిగేది కాదు, తగ్గేదీ కాదు.

తర్వాత బయటిదేశాల గుడ్డ చవగ్గా వస్తోందని చెప్పి మిల్లు మూసేశారు. నేను గుట్ట మీద కౌన్సిల్ వాళ్ళ ముసలివాళ్ళ హోమ్‌లో వంటగదిలో కుదిరాను. మరుసటి ఏడు విన్నీ కూడా పని అడగడానికి వచ్చింది. అప్పటికి నలభై దాటాయి, మనిషి బాగా లావు. హోమ్ నడిపే మేట్రన్ థ్రెల్‌ఫాల్ ఆమెను పైనుంచి కిందికి చూసింది.

"ముసలివాళ్ళని చూసుకున్న అనుభవం ఉందామ్మా?"

"మగ్గాల్ని చూసుకున్నానండీ మేట్రన్‌గారూ. ఒకటి ఏడుస్తుంటే ఇంకొకటి తన్నేది. ఆరింటినీ ఒకేసారి సముదాయించేదాన్ని."

మేట్రన్ నవ్వింది. మంచి మనిషేలే, ఊరికే కఠినంగా కనపడేది. "సరే, కొన్నాళ్ళు చూద్దాం" అంది.

చూడ్డానికేముంది! విన్నీ హాల్లో నిలబడితే ఆరు మగ్గాల మధ్య నిలబడ్డట్టే. ఒకరికి తినిపిస్తూనే ఆ మూల ఎవరి దుప్పటి జారిందో, ఈ మూల ఎవరు కుర్చీలో అటూ ఇటూ కదులుతూ బాత్రూమ్‌కని అడగడానికి మొహమాటపడుతున్నారో కనిపెట్టేసేది. ఇక చెవిటి ముసలమ్మలున్నారే, వాళ్ళకైతే పండగే. అందరూ మిల్లులో చెవులు పోగొట్టుకున్నవాళ్ళే. మిగతా అమ్మాయిలు వాళ్ళ చెవి దగ్గర అరిచి అరిచి గొంతు పోగొట్టుకునేవారు. విన్నీ ఎదురుగా కూర్చుని చప్పుడు లేకుండా మాట్లాడితే వాళ్ళు పడీపడీ నవ్వేవాళ్ళు.

వాళ్ళలో ఒకావిడ మార్థా హేకాక్. రాయి లాంటి చెవుడు. నోరు మాత్రం కత్తి. తుంటి విరిగి కొన్నాళ్ళకని వచ్చింది. రోజూ పొద్దున్నే ఒకటే మాట: "ఎండాకాలం మొదట్లో విట్ పండగ చర్చి ఊరేగింపు నాటికి నా ఇంట్లో ఉంటా. గుమ్మంలో కుర్చీ వేసుకుని చూస్తా." కానీ ఆవిడ కూతురు అప్పటికే ఆ అద్దె ఇంటి తాళం యజమానికి ఇచ్చేసింది. "అమ్మకి నేనే మెల్లగా చెప్తాను, మీరెవరూ నోరెత్తకండి" అని మేట్రన్‌కి చెప్పి వెళ్ళింది. మేట్రన్ హాల్లో పనిచేసేవాళ్ళందరికీ ఆ మాట చెప్పింది. వంటగదిలో ఉన్న నాకింకా తెలీదు.

ఒకరోజు మధ్యాహ్నం భోజనాల వేళ. నేను వంటగది కిటికీలోంచి ప్లేట్లు అందిస్తున్నాను. విన్నీ హాలు అవతలి చివర నిలబడి ఉంది. నేను అడగను కూడా లేదు, తనే నావైపు తిరిగి పెదాలతో చెప్పింది: "మార్థా ఇల్లు పోయిందే. కూతురు తాళం ఇచ్చేసింది. పాపం, ముసలిదానికి తెలీదు."

గొంతులోంచి చిన్న చప్పుడు కూడా రాలేదు. ఆమె పక్కనే ఉన్న నర్సమ్మకి, మిల్లు మొహం చూసిన మనిషి కాదులే, విన్నీ ఆవలించిందో ఏమో అనిపించి ఉంటుంది. కానీ మా ఇద్దరి మధ్యా గోడ పొడుగునా కుర్చీలున్నాయి. కుర్చీల్లో ఉన్నవాళ్ళంతా నేతగత్తెలు. స్పూన్లు వరసగా ఆగిపోయాయి. మార్థా విన్నీకి సూటిగా ఎదురుగా కూర్చుని ఉంది.

మార్థా స్పూను పెట్టేసింది. మంచం మీద పడుకోబెట్టమని సైగ చేసింది. గోడవైపు తిరిగింది.

ఇక తిండి లేదు, టీ లేదు. మర్నాడూ అంతే. డాక్టరు వచ్చి చూసి, ఒంట్లో రోగమేమీ లేదని, ఇలాగే ఏమీ పుచ్చుకోకపోతే మాత్రం ఎక్కువ రోజులు ఉండదని చెప్పాడు. మేట్రన్ విన్నీని వంటగదిలోకి పిలిచి తలుపేసింది. నేను బంగాళాదుంపలు చెక్కుతూ అక్కడే ఉన్నాను.

"నువ్వు మేడెక్కి అరిచినా ఇంతమందికి తెలిసేది కాదు కదమ్మా!"

"నిజమేనండీ."

"నాలుగు గోడల మధ్య ఉండాల్సిన మాట అది."

"నిజమేనండీ. నన్ను పంపించెయ్యండి, నేనేమీ అనను. కానీ ముందు ఆవిడ మొహం చూసి నా తప్పు నేను చెప్పుకోవాలి."

"ఏ మొహం చూస్తావు? గోడకి తిప్పేసుకుంది. నేను పలక మీద రాసి చూపిస్తే కళ్ళు మూసుకుంది."

అదే వచ్చిన చిక్కు. చెవులున్నవాళ్ళు అటు తిరిగి పడుకున్నా మన మాట వాళ్ళ చెవిన పడుతుంది. మార్థా అటు తిరిగితే తలుపేసి గడియ పెట్టుకున్నట్టే.

విన్నీ ఏం చేసిందనుకున్నారు? మంచాన్ని గోడ నుంచి ఇవతలికి లాగింది. ఆ సందులోకి దూరింది. ఆ మనిషి, ఆ సందులోకి! ముసలావిడ తల ఇటు తిప్పింది. విన్నీ ఊపిరి బిగబట్టి బయటికొచ్చి ఇటు కూర్చుంది. ముసలావిడ మళ్ళీ అటు. విన్నీ మళ్ళీ సందులోకి. స్పూను చేత్తో పట్టుకోలేదు, తినమని బతిమాలలేదు, భుజం పట్టి తిప్పలేదు. ఊరికే ఆ మొహం ఎటుంటే అటు పోయి కూర్చునేది. కళ్ళు తెరిచిందా, ఒకే మాట చూపించేది: "తప్పు నాదే ఆంటీ." కళ్ళు మూసుకుందా, ఊరుకునేది. మళ్ళీ తెరిచేదాకా చూసేది.

సాయంత్రం టీ వేళకి నేను కప్పు పట్టుకుని గుమ్మంలోకి వెళ్ళేసరికి, మంచం చక్రం జారి విన్నీ గోడకీ మంచానికీ మధ్య నిలువునా ఇరుక్కుపోయి ఉంది. ముందుకీ రాలేదు, వెనక్కీ పోలేదు. మొహం బీట్‌రూట్ దుంపలా ఎర్రగా అయిపోయింది. మార్థా కళ్ళు తెరిచి ఆ అవతారం చూసింది. అప్పుడు పెదాలు కదిలాయి.

"నీ పిర్రలకి ఆ సందు చాలదే, మొద్దు మొహమా."

"చాలదని ఇప్పుడే తెలిసింది ఆంటీ."

నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. ఇద్దరూ చప్పుడు లేకుండా మాట్లాడుకుంటున్నారు.

"నిజమేనా?"

"నిజమే. తాళం ఇచ్చేశారు. వేరేవాళ్ళు దిగారు."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీ అమ్మాయి తనే చెప్తానంది. నేను అంతదాకా ఉండాల్సింది. లేకపోతే మీ ఎదురుగా వచ్చి చెప్పాల్సింది. రెండూ చెయ్యలేదు."

ముసలావిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు. "నా మెట్టు ఎవరు తోముతున్నారు?" అంది.

గుమ్మం మెట్టు! మా కాలంలో వారం వారం మోకాళ్ళ మీద కూర్చుని మెట్టు కడిగి, రుద్దుడు రాయితో అంచు తెల్లగా దిద్దేవాళ్ళం. ఎవరి మెట్టు నల్లగా ఉంటే వాళ్ళ గురించి వీధంతా చెప్పుకునేది. ఆ ప్రశ్నకి నేనైతే "భేషుగ్గా తోముతున్నారు ఆంటీ" అనేసేదాన్ని. విన్నీ అనలేదు.

"నాకు తెలీదు ఆంటీ. వెళ్ళి చూసొద్దామా?"

మార్థా నావైపు వేలు చూపించింది. "ముందు ఆ గుమ్మంలో నిలబడ్డ దిష్టిబొమ్మని టీ ఇవ్వమను. చల్లారిపోయింది ఇచ్చిందంటే దాని నెత్తినే పోస్తా."

దిష్టిబొమ్మని నేనే. టీ చల్లారే ఉంది, అయినా తాగింది. విన్నీని బయటికి లాగడానికి మేట్రన్‌తో కలిపి ముగ్గురం పట్టాం.

విన్నీ తన సెలవు పూట మార్థాని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టుకుని గుట్ట దిగింది. రాళ్ళ వీధి, కుర్చీ గడగడలాడుతుంటే ముసలావిడ పెట్టుడు పళ్ళు ఒళ్ళో పడ్డాయని విన్నీ తర్వాత చెప్పింది. మెట్టు ఎలా ఉందంటే బొగ్గు గోతంలా ఉంది. లోపలినుంచి కొత్తగా పెళ్ళైన పిల్ల ఒకతె చంకలో బిడ్డతో వచ్చి, "ఎవరండీ మీరు?" అంది. మార్థాకి వినపడలేదు కానీ ఆ పిల్ల పెదాలు చూసి చెప్పింది, ఈసారి గొంతెత్తి, వీధంతా వినేలా: "నేను నలభై ఏళ్ళు దిద్దిన మెట్టు ఇది. అమ్మాయ్, నీకు రాయి పట్టుకోవడం వచ్చా, నేర్పమంటావా?" ఆ పిల్లకి మొహం మాడిపోయింది. అయినా లోపలికి పోయి బకెట్టు, రాయి తెచ్చింది. మార్థా కుర్చీలోంచే చెబుతుంటే ఆ పిల్ల మోకాళ్ళ మీద కూర్చుని దిద్దింది. విన్నీ బిడ్డని ఎత్తుకుంది.

అంచంతా తెల్లబడ్డాక మార్థా, "ఇక పద. ఆకలేస్తోంది" అంది. దారిలో చేపా చిప్సు కొనుక్కుని, వెనిగర్ కారుతుంటే కాగితంలోంచే తింటూ గుట్ట ఎక్కారు. ఆవిడ ఆ హోమ్‌లో ఇంకా చాలా ఏళ్ళు ఉంది, అందర్నీ తిడుతూ.

మేట్రన్ విన్నీని పంపలేదు. అయితే ఆ రోజు నుంచి ఒక కట్టడి పెట్టింది: ఎవరి సంగతైనా ముందు వాళ్ళకే చెప్పాలి, వాళ్ళకి తెలియకుండా ఈ ఇంట్లో ఎవరూ చెప్పుకోకూడదు, కూతురు ఆగమన్నా, కొడుకు దాచమన్నా. కొత్తగా వచ్చిన అమ్మాయిల్ని విన్నీ దగ్గరే పెట్టేది. ఆమె వాళ్ళని మొదట ఒక ముసలావిడ ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టి, "నీ మొహం మీద వెలుగు పడుతోందా? ఆవిడ నిన్ను చూస్తోందా? అయితే ఇప్పుడు నోరు తెరువు" అనేది. మార్థా సంగతి కూడా తనే చెప్పేది, తన తప్పుతో సహా, ఏమీ దాచకుండా. ఆ పిల్లల్లో కొందరు నర్సులయ్యారు, ఒకతె ఇప్పుడు ఆ హోమ్‌నే నడుపుతోంది. జోసీ, సోమవారం నువ్వు తలుపు తట్టేది ఆమె గదినే.

విన్నీ అరవై వచ్చేదాకా అక్కడే పనిచేసింది. తర్వాత కూడా వారానికోసారి వెళ్ళి, చెవులు వినపడనివాళ్ళ ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చునేది. ఎనభై ఎనిమిదో ఏట పోయింది.