నీలంగళ్ల తువ్వాలు

ఇప్పటికీ టైపు చేస్తుంటే నా మణికట్ల మీద ఆ నీలంగళ్ల తువ్వాలు ఉన్నట్టే ఉంటుంది. చోడవరంలో నాకు టైపు నేర్పిన మేడంగారు కీలు కనబడకుండా మా చేతుల మీద దాన్ని కప్పేసేవారు. దొంగచూపు చూస్తే స్కేలు దెబ్బ పడేది.

అలాంటావిడ, తన టైపు ఇన్‌స్టిట్యూట్‌లోని పాత కంప్యూటర్‌కి నేను విండోస్ తీసేసి లినక్స్ వేసిచ్చిన రోజు బిక్కమొహం వేశారు. అలవాటైన బొమ్మ ఒక్కటీ ఉన్నచోట లేదు. ఎలాగో ప్రింటర్ కలపబోతే నల్ల తెర వచ్చి పాస్‌వర్డ్ అడిగింది. ఆవిడ కొట్టారు. తెర మీద చుక్క కూడా పడలేదు.

"ఏటే ఇది? కీబోర్డు సచ్చిపోనాది!" అని మళ్లీ మొదటినుంచీ కొట్టారు. మూడోసారి ఇంకా గట్టిగా కొట్టారు. మూడూ కలిసి ఒకే పాస్‌వర్డైపోయి, ఎంటర్ నొక్కగానే తప్పని తేలింది. అంతలో నాలుగింటి బ్యాచ్ పిల్లలు మెట్లెక్కుతున్న చప్పుడు.

"ఆళ్ల ముందు నా పరువేటైపోద్దే? తీసీ దీన్ని!"

"మీరు కొట్టింది పడుతోంది మేడం. ఎవరూ చూడకుండా దాచేస్తుందంతే," అన్నాను నవ్వాపుకోలేక.

ఆవిడ నావైపు తిరిగారు. "సూడకండా కొట్టమంటందా? నన్నా?"

మేకుకి వేలాడుతున్న తువ్వాలు లాగి తన చేతుల మీదే కప్పుకున్నారు. కళ్లు మూసుకుని టకటకా కొట్టి ఎంటర్ నొక్కారు. ప్రింటర్ కిర్రుమంటూ లేచింది.

పిల్లలు లోపలికొచ్చేసరికి మేడంగారు కుర్చీలో ఊగి ఊగి నవ్వుతున్నారు.

"రండర్రా! ఈ కంప్యూటరు కూడా మన ఇన్‌స్టిట్యూట్‌లోనే సదివిందర్రా!"