ఆవకాయ మీద పడ్డ నింద

ఎనభైల మొదట్లో, టెక్సస్‌లో, ఇర్వింగ్‌లోని మా అమ్మాయి ఇంట్లో ఉన్న రోజుల్లో, నేను మోసుకొచ్చిన ఆవకాయ మీద పెద్ద నింద పడింది.

అమ్మాయికి పొత్తికడుపులో మెలిపెట్టే నొప్పి. వంటింటి గట్టు పట్టుకుని వంగిపోయేది. అల్లుడు ఇంజనీరు. ప్రేమగానే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, "స్టమక్ పెయిన్" అని తనే చెప్పాడు. పాపం, అతని తప్పేముంది? మన భాషలో అన్నం పడేదీ కడుపే, బిడ్డ పడేదీ కడుపే. అమెరికాలో దానికో డాక్టరు, దీనికో డాక్టరు. ఆ పెద్దమనిషి అమ్మాయి చేత సున్నపు నీళ్ళలాంటిదేదో తాగించి, ఎక్స్‌రేలు తీసి, ఏమీ లేదన్నాడు. కారం మానమన్నాడు.

జాడీ పారేస్తామన్నారు. నేను ఒప్పుకోలేదు. విచారణ లేకుండా ఉరి తీస్తారా? పైఅరలో దాచాను.

చప్పిడి కూడు తిన్నా, నెల తిరగ్గానే నొప్పి ముట్టుకంటే ముందే వచ్చి కూర్చుంది.

"అల్లుడుగారూ, ఆవకాయ నెలకోసారే కొరుకుతుందా?" అన్నాను.

అతను పేపరు అడ్డం పెట్టుకున్నాడు. "అవన్నీ మామూలేగా అత్తయ్యగారూ. డాక్టర్‌కి ఏమని ఎక్స్‌ప్లెయిన్ చేస్తాం?"

నేనే పట్టుబట్టి ఆడవాళ్ళ డాక్టరు దగ్గరికి బయల్దేరదీశాను. అతన్ని లోపలికి రానివ్వలేదు. "మీరు కార్లో ఉండండి. ఏసీ వేసుకోకండి, పెట్రోలు దండగ."

లోపల, ఎమ్మే చదివిన పిల్ల, సిగ్గుపడి మళ్ళీ "స్టమక్" అంది. నాది మూడో తరగతి. గర్భసంచికి తెలిసిన రెండు ముక్కలూ అతికించి, "నో స్టమక్! బేబీ బ్యాగ్!" అన్నాను. మేమేదో పసిపిల్ల గుడ్డల సంచి మరిచిపోయామనుకుని నర్సు బయటి కుర్చీల కింద వెతకడానికి వెళ్ళింది.

అంత నొప్పిలోనూ అమ్మాయికి నవ్వొచ్చింది. నవ్వుతోపాటు డాక్టరు ముందు అన్నీ బయటికొచ్చాయి: పెళ్ళికి ముందు నుంచీ ఉన్న నొప్పి, దొడ్డికి వెళ్తే నొప్పి, మొగుడితో ఉంటే నొప్పి. అన్నీ ఇంగ్లీషులోనే చెప్పింది కాబట్టి, చివరిది నాకు అర్థం కానట్టే గోడవైపు చూశాను.

మత్తిచ్చి, బొడ్డు దగ్గర చిన్న గంటు పెట్టి, గొట్టం దించి చూశారు. గర్భసంచి లోపల ఉండాల్సిన పొరలాంటిది బయట అంటుకుని పెరుగుతోందట. అదీ నెలనెలా నెత్తురోడుస్తుందట. పోయే దారి లేక అక్కడే పుండై, చుట్టూ ఉన్నవాటిని అతికించేస్తుందట. దాని పేరుకి నాకు నోరు తిరగదు. కొంత కాల్చారు, మాత్రలిచ్చారు, మళ్ళీ రావచ్చని కూడా చెప్పారు. నొప్పి పోలేదు గానీ, అమ్మాయి నిటారుగా నిలబడి వంట చేసుకునేంతకు దిగింది.

తర్వాత ఓ ఆదివారం తెలుగువాళ్ళు భోజనానికొచ్చారు. ఆవకాయ తిరిగి బల్ల ఎక్కింది. ఆపరేషన్ దేనికని ఎవరో అడిగారు.

"స్టమక్ ప్రాబ్లమ్ అండీ," అన్నాడు అల్లుడు, అలవాటుకొద్దీ.

"స్టమక్ కాదు, గర్భసంచి," అంది అమ్మాయి, ఆవకాయ కలుపుకుంటూ.

మగవాళ్ళందరికీ ఒక్కసారిగా పప్పు మీద శ్రద్ధ పుట్టింది.

నేను గిన్నెలు కడుగుతుంటే, వచ్చినవాళ్ళలో ఒక చిన్నావిడ వెనకే వంటింట్లోకి వచ్చింది.

"పిన్నిగారూ, మా ఆయన నాది అల్సర్ అంటున్నారు. కానీ నాకూ నెలనెలా..."

"ముందు పచ్చడి మానకు," అన్నాను. "తర్వాత మా అమ్మాయినడిగి ఆ డాక్టరు నంబరు రాసుకో. మీ ఆయన్ని మాత్రం కార్లోనే కూర్చోబెట్టు."