చిక్కబడ్డ జెల్ పాలిష్

2023 చలికాలం. హిందీ మాట్లాడే ఉక్కుపట్టణంలో, భాలుబాసా పేటలో మా ఇంటి ముందుగదే నా పార్లర్. పనిలో నాది పిసినారి చెయ్యి. సీసా అడుగున మిగిలిన చుక్క కూడా ఎవరో ఒకరి గోటికి ఎక్కాల్సిందే. దాన్ని పొదుపు అనుకుని మురిసిపోయేదాన్ని.

జెల్ పాలిష్ మామూలు రంగులా గాలికి ఆరదు. యూవీ ల్యాంప్ కింద వేళ్ళు పెడితేనే గట్టిపడుతుంది. దాన్ని క్యూరింగ్ అంటాం. ఆ రోజు సగం సీసా మెరూన్ రంగు బిగుసుకుపోయి పాకంలా సాగుతోంది. మామూలు పాలిష్‌లో కలిపే థిన్నర్ నాలుగు చుక్కలు పోశాను. జెల్‌కి అది పనికిరాదని విని కూడా పోశాను.

అప్పుడే బిర్సానగర్ నుంచి పార్వతి వచ్చింది. తమ్ముడి పెళ్ళికి గోళ్ళకి రంగు వేయమంది. ఫ్యాక్టరీ స్టోర్‌లో కాంట్రాక్టరు కింద సామాను సర్దే పని ఆమెది. ఇంటిల్లిపాదికీ ఆ జీతమే ఆధారం. అంతకుముందు రెండుసార్లు నా దగ్గరే వేయించుకుంది, ఏమీ కాలేదు. ఈసారి రంగు మందంగా పడి చర్మం మీదికి కారింది. ఆమె బొటనవేళ్ళతోనే తుడిచేసుకుంది. నేను వారించలేదు. పైపొర మెరిసింది కదా అని పంపించేశాను. లోపల పచ్చిగానే ఉండిపోయింది.

వారం తిరగకుండా మళ్ళీ వచ్చింది. వేళ్ళన్నీ వాచి, పొక్కులు లేచి, బొటనవేళ్ళ చర్మం పొరలుగా ఊడుతోంది.

"హాజరు మిషన్లో ఏలుముద్ర పడట్లేదక్కా. రెండు దినాల్నుంచి గేటు బయటే నిలబెట్టేత్తన్నారు. సోమవారం కూడా పడకపోతే నామ్ కాట్ దేంగే, పేరు కొట్టేత్తాం అన్నాడు సూపర్వైజరు. ఏటి రాసావు నా సేతులకి?"

చలికి పగిలుంటాయన్న అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. ఆ చేతులు చూశాక దాన్ని మింగేశాను.

"తప్పు నాదేనమ్మా. పాడైన జెల్‌లో తిన్నర్ కలిపీసాను," అన్నాను.

 

ఆమెను చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. పచ్చి జెల్ వల్ల వచ్చిన అలర్జీ అనీ, చర్మం తిరిగి రావడానికి వారాలు పడుతుందనీ చీటీ రాసిచ్చారు.  నా పిసినారితనానికి ఒక ఇంటి పొయ్యి ఆరిపోతుందేమోనని ఒకటే భయం. సోమవారం పొద్దున ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆమె పక్కనే నిలబడ్డాను. పది వేళ్ళూ ఒకటొకటిగా మిషన్ మీద పెట్టింది. ప్రతిసారీ ఎర్రలైటే. చివరికి సూపర్వైజరు ఆ చీటీని రెండుసార్లు చదివి, వేళ్ళు మానేదాకా రిజిస్టర్‌లో సంతకం పెట్టమన్నాడు. 

ఇప్పుడు జెల్ చిక్కబడితే మూత బిగించి, సీసాను గోరువెచ్చని నీళ్ళలో కాసేపు ఉంచి, అరచేతుల మధ్య మెల్లగా దొర్లిస్తాను. పలచబడితే, చర్మానికి తగలకుండా సన్నటి పొరలుగా వేసి ఒక్కో పొరనూ విడిగా క్యూర్ చేస్తాను. పలచబడకపోతే ప్లాస్టిక్ గోళ్ళ మీద డిజైన్లు సాధన చేయడానికి వాడతాను. గడ్డలు కడితే పారేస్తాను. చెయ్యి ఆడదు గానీ పారేస్తాను.

పార్వతి ఉద్యోగం నిలిచింది, చర్మమూ వచ్చింది. అలర్జీ మాత్రం ఇక పోదన్నారు డాక్టరు. పళ్ళకి వేసే సిమెంటులోనూ జెల్‌లో ఉండేలాంటి మందే ఉంటుందట. ఆమె ఏ పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళినా, నోరు తెరిచే ముందు నేను చేసిన పని చెప్పుకోవాలి, బతికున్నంతకాలం.